మూతపడ్డ ఫ్యాక్టరీ కింది పొలం: బోరు నీళ్లు పనికొస్తాయా, ఏ పరీక్షలు చేయించాలి?

జిన్నారం_రైతుబిడ్డ

అందరికీ నమస్తే. కాజీపల్లి, గడ్డపోతారం వైపు మాకు 2 ఎకరాల 10 గుంటలు ఉంది. వాగు ఒడ్డున ఎకరం నల్లరేగడి, పైన మిగతాది ఎర్ర చెల్క. ఎగువన అర కిలోమీటరు దూరంలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) ఫ్యాక్టరీ నడిచేది. ఇప్పుడు గేటుకు తాళం, షెడ్ల మీద రేకులు కూడా లేవు. ఊళ్లో అటు కంపెనీ పనీ లేదు, ఇటు సేద్యమూ లేదు. సగం భూములు ప్లాట్ల బేరం కోసం పడావు పెట్టేశారు. మాకు అమ్మే ఉద్దేశం లేదు, మళ్లీ సాగు చేయాలనుంది.

బోరు ఆరున్నర అంగుళాలది, 280 అడుగులు, 50 అడుగుల వరకు పీవీసీ కేసింగ్. నీళ్లు 90 అడుగుల దగ్గర నిలుస్తున్నాయి. మోటారు ఒకటిన్నర హెచ్‌పీ. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే వచ్చింది ఇదీ (పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో): పీహెచ్ 7.8, టీడీఎస్ (కరిగిన మొత్తం ఉప్పులు) 1620, కాఠిన్యం 400, కాల్షియం 80, మెగ్నీషియం 48, సోడియం 460, బైకార్బొనేట్ 610, క్లోరైడ్ 425, సల్ఫేట్ 240, నైట్రేట్ 38, ఫ్లోరైడ్ 1.2. "ఉప్పు ఎక్కువే, ఆర్ఓ పెట్టుకుంటే తాగొచ్చు" అన్నారు. బోరు బండి వాళ్లేమో 800 అడుగులకు దింపితే మంచినీళ్లు పడతాయంటున్నారు.

నా సందేహాలు ఇవి. ఫ్యాక్టరీ మూతపడింది కదా, నీళ్లు వాటంతటవే బాగుపడతాయా? ఈ రిపోర్టు సరిపోతుందా? ఏ పంట వేయొచ్చు? బోరు లోతు చేయించాలా?

---

బోరునీటి_కెమిస్ట్

రిపోర్టులో తప్పేమీ లేదండి, కానీ మీరు అడుగుతున్న దానికి అది జవాబు చెప్పదు. అంకెలు ఒకదానికొకటి సరిపోతున్నాయి, కాబట్టి ల్యాబ్ పని సరిగ్గానే చేసింది. ఇబ్బంది ఎక్కడంటే అది మామూలు తాగునీటి పరీక్ష. నీళ్లలో కరిగిన ఉప్పులను మాత్రమే చూస్తుంది. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ వదిలిపెట్టే టోలుయీన్, డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ లాంటి ద్రావకాలకు విద్యుదావేశం ఉండదు. అవి ఎంతున్నా టీడీఎస్ మీటరు ముల్లు కదలదు. ఇంకో పరీక్ష చేయించక తప్పదు.

అందులో మూడు అడగండి. ఒకటి సీఓడీ, అంటే నీళ్లలోని సేంద్రియ పదార్థాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత. శుభ్రమైన గ్రానైటు బోరు నీళ్లలో ఇది సాధారణంగా లీటరుకు 10 మి.గ్రా. లోపే ఉంటుంది. 30, 40 చూపిస్తే సేంద్రియ రసాయనాలో మురుగో కలిసిందని అర్థం. చౌకైన పరీక్ష, మొదట దీన్నే చేయించండి. రెండు, వీఓసీ స్కాన్, అంటే ఆవిరయ్యే ద్రావకాల పరీక్ష. మూడు, ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదు లోహాన్ని కూడా పట్టే యంత్రం) మీద లోహాలు: ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, మాంగనీసు, సెలీనియం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003, మొత్తం క్రోమియం 0.05, నికెల్ 0.02 మి.గ్రా. దాటకూడదు. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగి ఊరుకోవద్దు. మీరు అడిగే పరీక్షలు ఆ గుర్తింపు పరిధిలో ఉన్నాయో లేదో, వాళ్ల యంత్రం ఎంత తక్కువ వరకు పట్టగలదో కాగితం మీద రాయించుకోండి. సీసం 0.05 కంటే తక్కువుంటే కనిపెట్టలేని యంత్రం "బీడీఎల్" (యంత్రం పట్టగలిగినదానికంటే తక్కువ) అని రాసిస్తుంది. పరిమితి 0.01 అయినప్పుడు ఆ బీడీఎల్‌కు విలువేముంది?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది శాంపిల్ తీసేటప్పుడే. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు 6.5 లీటర్లు నిలుస్తాయి. మీ బోరులో 90 నుంచి 280 దాకా 190 అడుగుల మేర నీళ్లున్నాయి, అంటే 1,235 లీటర్లు. దానికి మూడింతలు, సుమారు 3,700 లీటర్లు తోడి పారేశాకే శాంపిల్ పట్టాలి. నిమిషానికి 60 లీటర్లు వచ్చే మోటారైతే గంట పైన పడుతుంది. ఆ నీళ్లను బోరు పక్కనే వదిలితే మళ్లీ లోపలికే దిగుతాయి, కాబట్టి పైపు వేసి దూరంగా పంపండి. చేతి మీటరుతో ఐదేసి నిమిషాలకు ఒకసారి ఈసీ (నీటి విద్యుత్ వాహకత), పీహెచ్ చూడండి. వరసగా మూడు సార్లు ఈసీ 3 శాతం లోపు, పీహెచ్ 0.1 లోపు తేడాతో నిలబడితే బోరు సిద్ధమైనట్టు.

ట్యాంకు కింది కొళాయి దగ్గర పట్టవద్దు, ద్రావకాలు ట్యాంకులోనే ఆవిరైపోతాయి. బోరు మూతి దగ్గరే, ధార సన్నగా చేసి పట్టాలి. వీఓసీకి 40 మి.లీ. ముదురు గోధుమ రంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి. అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టండి. ఒక్క బుడగ కనిపించినా పారబోసి మళ్లీ పట్టాలి, ఆ బుడగలోకే ద్రావకం వెళ్లిపోతుంది. లోహాలకు ప్లాస్టిక్ సీసా. నీటిని అక్కడికక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడగట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి తేవాలి, లీటరుకు సుమారు 2 మి.లీ. సరిపోతుంది. వడగట్టకుండా ఆమ్లం వేస్తే తేలుతున్న మట్టి కరిగి, నీళ్లలో లేని లోహాలు ఉన్నట్టు చూపిస్తుంది. ఆమ్లం ముందే పోసిన సీసాలను ల్యాబ్ నుంచే తెచ్చుకోండి, వాటిని కడగకండి, పొంగనివ్వకండి. అన్నీ ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందించాలి. ఒక సీసాలో డిస్టిల్డ్ వాటర్ నింపి అన్నిటితో పాటు పంపండి. అందులో కూడా ద్రావకం బయటపడితే అది బోరుది కాదు, దారిలోనో ల్యాబ్‌లోనో చేరినది.

---

రేగడి_చెల్క

సాగు లెక్క నేను చెప్తాను. మీ అంకెలు తాగునీటికి మాత్రమే కాదు, పొలానికి కూడా ఏమంత మంచివి కావు.

టీడీఎస్ 1620 అంటే ఈసీ దాదాపు 2.7 డెసీసీమెన్స్. 2.25 దాటితే సాగునీటిలో చాలా ఉప్పుదనం ఉన్న తరగతి. సోడియాన్ని 23తో భాగిస్తే 20, కాల్షియాన్ని 20తో భాగిస్తే 4, మెగ్నీషియాన్ని 12.15తో భాగిస్తే 4. కాల్షియం, మెగ్నీషియం కలిపి 8, అందులో సగం 4, దాని వర్గమూలం 2. కాబట్టి ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పే అంకె) 20 బై 2, అంటే 10. బైకార్బొనేట్‌ను 61తో భాగిస్తే 10, అందులోంచి 8 తీసేస్తే ఆర్ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలే బైకార్బొనేట్) 2. ఇది 1.25 దాటితే జాగ్రత్త పడాలి, 2.5 దాటితే ఆ నీళ్లు పనికిరావు. మీరు ఆ రెంటి మధ్య ఉన్నారు.

ఈ నీళ్లు రేగడిలో పెడితే సోడియం బంకమట్టిని విడదీసి నేలను మూసేస్తుంది. పైన చెమ్మ కనిపిస్తుంది, జానెడు లోతున పొడిగా ఉంటుంది, ఎండితే తెల్లగా చౌడు తేలుతుంది. ఆ ఎకరానికి ఈ బోరు నీళ్లు పెట్టవద్దు, వాన మీదే వదలండి. చెల్కలో నీరు ఇంకుతుంది కాబట్టి జిప్సంతో నెట్టుకురావచ్చు. ఒక ఆర్ఎస్‌సీ తగ్గించడానికి లీటరుకు 86 మి.గ్రా. శుద్ధ జిప్సం కావాలి. ఎకరానికి అంగుళం నీరు పెట్టడమంటే లక్షా మూడు వేల లీటర్లు. మీ 2 ఆర్ఎస్‌సీకి అంగుళానికి దాదాపు 18 కిలోలు, బస్తా మీద శుద్ధత 75 శాతం అని ఉంటే 24 కిలోలు. పంటకు 20 అంగుళాలు పెడితే ఎకరానికి 480 కిలోలు. ఆఖరి దుక్కికి ముందు చల్లి, పై నాలుగు అంగుళాల మట్టిలో కలిపి, ఒక మంచి తడి ఇవ్వాలి. లోతుగా దున్ని పాతిపెడితే పని చేయదు. అయితే జిప్సం సోడియానికి మాత్రమే మందు, లోహాలకు, ద్రావకాలకు కాదు. కెమిస్ట్ గారు చెప్పిన పరీక్షల ఫలితం వచ్చేదాకా దాని మీద రూపాయి పెట్టకండి.

మట్టి శాంపిల్ చెల్కకు వేరు, రేగడికి వేరు. రెండూ కలిపితే ఏ మట్టికీ చెందని అంకె వస్తుంది. ఒక్కో ముక్కలో వంకరటింకరగా నడుస్తూ 10, 15 చోట్ల పైచెత్త గీకేసి, వి ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, గోడ నుంచి ఒక పలక తీయండి. 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతుది విడిగా. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అర కిలోకు తెచ్చి నీడలో ఆరబెట్టండి. లోహాల పరీక్షకు జింకు పూత బకెట్టు వద్దు, ప్లాస్టిక్ తొట్టి, చెక్క పుల్ల వాడండి. వాగు నీరు ఎక్కి దిగే పల్లపు పట్టీని మిగతా పొలంతో కలపకండి, ఎక్కువ కలుషితం అక్కడే పేరుకుంటుంది. పోల్చడానికి ఫ్యాక్టరీకి ఎగువన, వాగు నీరు ఎన్నడూ ఎక్కని చోట, అదే రంగు మట్టి ఒక శాంపిల్ తీసుకోండి. అది లేకపోతే వచ్చిన నికెల్ మీ బండ సహజంగా ఇచ్చిందో, పై నుంచి వచ్చిందో చెప్పలేం.

పంట విషయం. లోహాలు తేలితే పాలకూర, తోటకూర, చుక్కకూర వద్దే వద్దు, ముల్లంగి, క్యారెట్ కూడా. ఆకులు కాడ్మియాన్ని బాగా లాగుతాయి, దుంపలకు మట్టి అంటుకుని వస్తుంది, ఎంత కడిగినా లోపలిది పోదు. గడ్డి కూడా ఆలోచించే వేయాలి. మూసీ వెంట మురుగునీళ్లతో పారా గడ్డి పెంచి నగరంలోని డెయిరీలకు అమ్ముతున్నారు, ఏది నీళ్లలో ఉందో అది పశువు దాకా నడుస్తుంది. పత్తి ఉప్పును బాగా తట్టుకుంటుంది కానీ గింజల చెక్క దాణాలోకి పోతుందని గుర్తుంచుకోండి. బంతి, చామంతి, లేదంటే మలబార్ వేప, సుబాబుల్ లాంటి కలప: నోట్లోకి పోనివి వేసుకుంటే నిశ్చింత. సుబాబుల్ ఆకు మాత్రం మేకలకు కొట్టవద్దు.

---

కంప్రెసర్_మల్లన్న

అన్నా, ఆ 800 ఫీట్ల ముచ్చట నమ్మకు. మన దిక్కు అంతా గ్రానైటు బండ. పైన 40, 60 ఫీట్ల దాక మొరం, మెత్త బండ, దాని కింద గట్టి బండ. గట్టి బండల నీళ్లుండయి, పగుళ్లల్ల ఉంటయి. పై పగులు ఖరాబ్ అయినంక కిందికి ఇంకో 500 ఫీట్లు కొడితే ఏమైతది? మీది నీళ్లు అదే బొక్కలకెల్లి కిందికి జారి, మంచిగున్న కింది పగుళ్లను గూడ చెడగొడ్తయి. పక్కపొలపోళ్ల బోరు గూడ పోతది. ఒక పగులు నీ బోరుకు తగులుతది, పదడుగుల అవతలి బోరుకు తగలదు, అందుకే పక్కాయన నీళ్లు బాగున్నా నీవి వాసన రావచ్చు. పైంగ లోతు బోర్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువొచ్చుడు మన దగ్గర మామూలే. నీకు 1.2 ఉన్నది, 1.5 దాటినంక తాగరాదు.

అసలు ఖరాబ్ నీళ్లు ఎట్ల దిగుతయో చెప్త. బండి 10 అంగుళాల బొక్క కొట్టి 7 అంగుళాల కేసింగ్ దింపుతది. చుట్టూ ఒకటిన్నర అంగుళం సందు ఉంటది. దాంట్ల బోరు పొడి, మొరం నింపి పోతరు. వానొస్తే వాగు నీళ్లు, పైమట్టిల ఉన్నదంత ఆ సందుకెల్లే కిందికి పోతది. కేసింగ్ పైపు ఉన్నది కదా అనుకుంటం, అది మట్టి కూలకుండ ఆపుతది, నీళ్లను ఆపది.

కొత్త బోరు ఏస్తే మాత్రం సందును సిమెంటుతోని మూయాలె. కేసింగ్ అడుగు గట్టి బండల 5 ఫీట్లు దిగి కూసోవాలె. సందు ఫీటుకు దాదాపు 8 లీటర్లు పడ్తది, 60 ఫీట్లకు 470 లీటర్లు. 50 కిలోల బస్తాకు 27 లీటర్ల నీళ్లు కలిపితే 43 లీటర్ల సిమెంటు పాలు వస్తయి. లెక్కకు 11 బస్తాలు, మెత్త బండ కొంత తాగుతది గనుక 13 తెచ్చిపెట్టుకో. పైకెల్లి గుమ్మరిస్తే నడుమల ఇరుక్కొని కింద ఖాళీ ఉంటది. అంగుళం పైపు సందుల అడుగు దాక దింపి, కిందికెల్లి పైకి నింపుకుంట పైపు మెల్లగ లేపాలె, పైన చిక్కటి పాలు పొంగేదాక. ఆ టైముల కేసింగ్ లోపట నిండ నీళ్లు పోసి ఉంచు, లేకుంటే బయట బరువుకు పీవీసీ నొక్కుకుపోతది. రెండు రోజులు ఆగినంకనే లోపట ఆరున్నర బిట్టు దింపాలె. బండోళ్లు ఆగరు, ఇంకో పాయింటుకు పోవాలంటరు. ముందుగాలనే మాట్లాడుకొని రేటు ఖాయం చేసుకో. కొత్త బోరుకు వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ గూడ కావాలె.

పాత బోరు వాడనంటే దాన్ని రాయి పెట్టి మూయకు. అడుగు దాక పైపు దింపి సిమెంటు పాలతోని నింపెయ్యి. తెరిచిపెట్టిన బోరు అంటే కింది నీళ్లకు ఖరాబ్ నీళ్లు పంపే దారి.

---

పాత_బాలానగర్

"మూతపడింది కదా, బాగుపడుతుందా" అన్న ప్రశ్న మీదే ఎక్కువ చెప్పాలనుంది. ఈ చుట్టుపక్కల చాలామంది ఆ ఆశతోనే ఉన్నారు.

హైదరాబాద్‌లో పరిశ్రమ ఒకచోట ఆగలేదు, లోపలి నుంచి బయటికి జరుగుతూ వచ్చింది. ముందు ఆజామాబాద్, సనత్‌నగర్, కవాడిగూడ: 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్. తర్వాత బాలానగర్‌లో సోవియట్ సాయంతో ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ మందుల ప్లాంటు. అక్కడ పని నేర్చినవాళ్లే తర్వాత బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టారు. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి అలా నిండాయి. ఈ రోజు ఆల్విన్ లేదు, ప్రాగా లేదు, ఐడీపీఎల్ ఉత్పత్తి ఆగి చాలా ఏళ్లయింది. కానీ యంత్రాల ఫ్యాక్టరీ పోతే మిగిలేది ఖాళీ షెడ్డు. మందుల ఫ్యాక్టరీ పోతే మిగిలేది నేలలో ఉంటుంది. పల్లె నష్టపోయింది రెండోదాని వల్లే. ఉద్యోగం పోయినవాడు తిరిగి సేద్యానికి రావాలంటే భూమి ఉండాలి కదా, ఆ భూమినే తీసుకుపోయింది.

ఇక్కడి కాలుష్యం పుకారు కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో రిట్ పడింది. నక్కవాగు ఆ నీళ్లను మంజీరలోకి మోసింది. తర్వాత పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నీళ్లను అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి తరలించడానికి 18 కిలోమీటర్ల పైపు వేశారు. 2007లో అచ్చయిన పరిశోధనలో ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కలుషిత ప్రాంతాల్లో చేర్చింది, 2010 జనవరిలో కొత్త పరిశ్రమల మీద తాత్కాలిక నిషేధం పెట్టారు.

గేటుకు తాళం పడగానే ఆగేది కొత్తగా వచ్చే వ్యర్థం మాత్రమే. ఆవరణలోని పాత వ్యర్థజలాల గుంత, పాతిపెట్టిన ద్రావకాల ట్యాంకు, డ్రమ్ములు, కుంట అడుగున పేరుకున్న బురద అక్కడే ఉంటాయి. పైగా నడిచే ఫ్యాక్టరీలో గుంత నీళ్లు తోడేవాళ్లుండేవారు. మూతపడ్డాక వానకు అది నిండి పొర్లుతుంది, అడుగు పొర చిరిగినా చూసే దిక్కుండదు. నీటిని మించిన బరువున్న డైక్లోరోమీథేన్ లాంటివి గ్రానైటు పగుళ్లలోకి దిగి కూర్చుంటే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ వస్తాయి. కాబట్టి ఆగింది అనుకోవచ్చు, బాగైంది అనుకోకూడదు.

మీరు చేయగలిగినవి చెప్తాను. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూడండి. ఆవరణలో నల్లగానో పసుపుగానో కనిపించే చదరపు గుంతలు ఎక్కడున్నాయి, వానాకాలంలో అవి ఏ వైపు పొర్లాయి, మీ వాగులోకి కాలువ ఉందా గుర్తించండి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ యూనిట్‌కు ఇచ్చిన అనుమతి పత్రాల నకళ్లు, మూసివేత ఉత్తర్వు, ప్రమాదకర వ్యర్థాలు ఎన్ని టన్నులు దుండిగల్‌లోని వ్యర్థాల నిర్వహణ కేంద్రానికి వెళ్లాయో చూపే మానిఫెస్టులు, చుట్టుపక్కల బోర్ల పరీక్ష ఫలితాలు, ఒక్కోటి విడిగా అడగండి. "పూర్తి సమాచారం ఇవ్వండి" అని రాస్తే ఏదీ రాదు. అనుమతిలో ఏటా ఇన్ని టన్నుల వ్యర్థం అని ఉండి, మానిఫెస్టుల్లో అందులో పదో వంతే కనిపిస్తే మిగతాది ఎక్కడుందని అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

సొంతంగా చేయించిన పరీక్ష మీ నిర్ణయానికి పనికొస్తుంది. కానీ ఫ్యాక్టరీ మీద కేసులో సాక్ష్యంగా నిలవాలంటే జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి యజమానికి నోటీసిచ్చి, ఎదురుగా శాంపిల్ తీసి, రెండు భాగాలు చేసి సీలు వేయాలి. అందుకే సీఓడీ ఎక్కువ వచ్చిన రోజే, ఆ కాగితం జతచేసి, శాంపిల్ తీయమని రాతపూర్వకంగా కోరండి, రసీదు తీసుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాలంటే పర్యావరణ వివాదానికి కారణం తలెత్తిన ఆరు నెలల్లోపు, నష్టపరిహారానికైతే ఐదేళ్లలోపు వేయాలి. గడువు ఎప్పటి నుంచి లెక్క అన్నదాని మీదే చాలా కేసులు చిక్కుకుంటాయి, వకీలుతో మొదట తేల్చుకోవాల్సింది అదే.

---

జిన్నారం_రైతుబిడ్డ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ముందు సీఓడీ, తర్వాత మిగతావి. రెండు చిన్న ప్రశ్నలు. పరీక్ష ఏ నెలలో మంచిది? ఇంట్లో రెండు గేదెలున్నాయి, ఫలితాలు వచ్చేదాకా ఈ నీళ్లు పెట్టవచ్చా? ఆర్ఓ సంగతి కూడా చెప్పండి.

---

బోరునీటి_కెమిస్ట్

మే నెలాఖరులో ఒకటి, మొదటి పెద్ద వానలు పడి వారం గడిచాక ఇంకొకటి. ఎండాకాలంలో నీటి మట్టం పడిపోయి లోతు పగుళ్ల నీళ్లు వస్తాయి, వానల తర్వాత పై మట్టిలోంచి, ఎగువ గుంతల్లోంచి కడుక్కొచ్చినవి కలుస్తాయి. రెండోది బాగా ఎక్కువగా ఉంటే కలుషితం పైనుంచి వస్తోందని తెలుస్తుంది. అప్పుడు మల్లన్న చెప్పిన సందు మూయడం పనికొచ్చే అవకాశం ఉంది. రెండూ ఒకేలా ఎక్కువగా ఉంటే పగుళ్లలోనే ఉన్నట్టు, ఆ బోరు మీద ఇంక డబ్బు పెట్టకండి.

గేదెలకు ఈ నీళ్లు వద్దండి. ఉప్పు వరకైతే అవి తట్టుకుంటాయి, కానీ ద్రావకాలు, లోహాలు తేలనంతవరకు మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) కొళాయి నీళ్లే పెట్టండి. పాలు తాగేది ఇంట్లో పిల్లలు. కాగబెట్టి పెడదామనుకోవద్దు, నీరు ఆవిరై లోహాలు ఇంకా చిక్కబడతాయి.

ఆర్ఓ ఉప్పును తీస్తుంది. చిన్న అణువులున్న ద్రావకాలను సరిగ్గా ఆపలేదు, ఆర్సెనిక్‌లో ఒక రూపం కూడా చాలావరకు దాటిపోతుంది. కార్బన్ ఫిల్టరు ద్రావకాలను కొంతకాలం పట్టి, నిండాక పట్టిందాన్ని తిరిగి వదలడం మొదలుపెడుతుంది, అదెప్పుడన్నది రుచిలో తెలియదు. ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వదిలేసే నీరు వస్తుంది, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. దాన్ని కూరగాయల మడిలోకి వదలకండి.